తమ్ముని బిడ్డ

ఫిబ్రవరి నెల వచ్చిందంటే మా స్టాఫ్‌రూమ్‌లో పాఠాల ముచ్చట పోయి రసీదుల ముచ్చట మొదలవుతుంది. ఎల్‌ఐసీ రసీదు, పిల్లల ఫీజు రసీదు, ఇంటి కిరాయి రసీదు. నేను పదేళ్ల సర్వీసున్న సర్కారు పంతులమ్మను. నల్లగొండ పక్కన పానగల్‌లో కిరాయికి ఉంటాం. ఏటా ఆ రసీదులన్నీ సంచిలో వేసుకొని గడియారం సెంటర్‌లో అమరేందర్ సార్ దగ్గరికి పోతే, ఆయన కూడికలు తీసివేతలు చేసి నా ఆదాయాన్ని ఐదు లక్షలకు ఒక వెయ్యి తక్కువలో ఆపుతాడు. ఐదు దాటకపోతే పన్ను లేదు, దాటితే ఉంది. ఆ గీతకు ఇవతల నిలబడడానికి నేను పడే తిప్పలు చూసి మా ఆయన శ్రీశైలం నవ్వుతుంటాడు. ఆయన మెకానిక్, ఆయనకు ఈ ఫారాల గొడవ లేదు.

"ఎగ్గొట్టుడు వేరు మేడం, తప్పుకునుడు వేరు" అంటాడు అమరేందర్ సార్, ఎప్పుడు పోయినా. "మనం చట్టం ఇడిసిపెట్టిన సందులకెళ్లే పోతున్నం. దొంగతనం గాదు."

ఆయన దగ్గర బల్ల మీద గంటసేపు కూర్చుంటే ఊళ్లో ఎంతమంది ఎన్ని సందుల్లో నడుస్తున్నారో తెలిసిపోతుంది. ఒకే పేరు మీద రెండో కారు కొంటే బండి పన్ను ఎక్కువని భార్య పేరు మీద కొనేవాళ్లు, బ్యాంకు వడ్డీలో కోత పడకుండా ఏప్రిల్ మొదటి వారంలోనే ఫారం నింపి ఇచ్చే రిటైర్డ్ కండక్టర్లు, భూమి అమ్మేముందు మున్సిపాలిటీ హద్దుకు ఎన్ని కిలోమీటర్లో కొలిపించుకునేవాళ్లు. అందరూ మర్యాదస్తులే. ఎవరూ తప్పు చేయడం లేదు. అయినా పక్కవాడి కాగితం ఎవరైనా తొంగిచూస్తే చటుక్కున బోర్లా తిప్పేస్తారు. నేను కూడా తిప్పేదాన్ని.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో నాతో పాటు మా ఐలేశం అన్న కూడా ఆ బల్ల మీద కూర్చున్నాడు. అన్నకు అంతకు నెల ముందే గుండెలో స్టెంట్ వేశారు. దవాఖాన నుంచి వచ్చిన మూడోనాడు నన్ను నార్కట్‌పల్లికి పిలిపించుకొని, "నేనుండంగనే నీ జాగా నీ పేరు మీద పెడత చెల్లె. రేపు నా పోరగాండ్లు ఎట్లుంటరో ఎవలకెర్క" అన్నాడు.

ఆ జాగా సంగతి ఇదీ. నన్ను కన్న తండ్రి బక్కయ్య నాకు రెండేళ్లప్పుడు పాము కరిచి పోయాడు. ఆయనకు అరవై గొర్రెలుండేవి. ఆయన అన్న మల్లప్ప ఆ గొర్రెలను తన మందలో కలుపుకున్నాడు, మా అమ్మనూ నన్నూ తన ఇంట్లో కలుపుకున్నాడు. మా అమ్మ పోయాక కూడా నేను ఆ ఇంటి పిల్లనే. మల్లప్ప కొడుకే ఐలేశం అన్న. తర్వాత రోజుల్లో మేపడం కష్టమై మంద మొత్తం అమ్మినప్పుడు, ఆ పైసలతో అన్న నార్కట్‌పల్లిలో హైవేకు దగ్గర్లో నాలుగు వందల గజాల ప్లాటు తన పేరు మీద కొన్నాడు. అందులో సగం నా తండ్రి గొర్రెలదని ఇంటిల్లిపాదికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు. అందుకే ఇప్పుడు దాన్ని బహుమానంగా ఇస్తున్నట్టు రాయాలి.

మల్లప్పను నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బాపు అనే పిలుస్తాను. ఆయన నన్ను బిడ్డా అంటాడు. మా దగ్గర పెద్దనాయిన కొడుకు అన్నే, తమ్ముని కూతురు బిడ్డే. కానీ బాపుకు ఇంకొంచెం పట్టింపు. నా ఎనిమిదో ఏట ఏదో పెళ్లిలో అందరూ బంతిలో కూర్చుని తింటుంటే ఎవరో చుట్టం, "పాపం మల్లప్ప, తమ్ముని బిడ్డను గూడ సాదుతుండు" అన్నాడు. బాపు విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచి నన్ను చంకనెత్తుకొని బయటికి వచ్చేశాడు. ఆ తర్వాత ఆ మాట మా ఇంటి చుట్టుపక్కల ఎవరి నోటా రాలేదు.

అమరేందర్ సార్ కంప్యూటర్ ముందు కూర్చుని అడిగాడు. "ఈయన మీకేమైతరు మేడం?"

"మా అన్న సార్."

"తోడబుట్టినాయనేనా?"

"తోడబుట్టినోళ్లు గూడ గిట్ల చూస్తరా సార్?" అన్నాను. ఆయన నవ్వి, సోదరుడు అని కొట్టాడు. నేను అబద్ధం చెప్పాననే అనుమానం కూడా నాకు రాలేదు. తోడబుట్టిన అన్న ఇచ్చే బహుమానానికి పన్ను ఉండదని ఆయన చెప్తుంటే అన్నా నేనూ తృప్తిగా తల ఊపాం. కాగితం ప్రింటు కూడా తీశాడు. తర్వాత మా ఇద్దరి ఆధార్ కార్డులు, నా సర్వీసు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఈయన తండ్రి మల్లప్ప. మీ తండ్రి బక్కయ్య. గిదేంది మేడం?"

చెప్పాను. ఆయన ప్రింటు కాగితాన్ని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

"చట్టంల బంధువుల జాబితా ఉన్నది మేడం. అండ్ల పెద్దనాయిన ఉన్నడు, మేనమామ ఉన్నడు, చిన్నమ్మ ఉన్నది. పెద్దనాయిన కొడుకు లేడు. చట్టం లెక్కల ఈయన మీకు బయటోడు."

ఐలేశం అన్న ముఖం చూడలేకపోయాను. స్టెంట్ వేసిన మనిషి ముందు అనాల్సిన మాటేనా అది? నాకు ఆ జాబితా రాసినవాడి మీద కోపం వచ్చింది, వాడెవడో ఏనాడూ ఒక ఇంట్లో పదిమందితో కలిసి పెరిగి ఉండడనిపించింది.

సార్ లెక్క వేసి చూపించాడు. ప్లాటులో నా సగానికి ప్రభుత్వ ధర ఎనిమిది లక్షలు. బయటివాడు ఇస్తే అది నా ఆదాయం కింద కలుస్తుంది. ఐదుకు ఎనిమిది కలిపితే పదమూడు. పన్ను రెండు లక్షల పది వేలు. నా దగ్గర రెండు లక్షలు ఎప్పుడూ లేవు. పన్ను కట్టాలంటే ఆ ప్లాటే అమ్మాలి. నా తండ్రి నాకు వదిలిపోయింది అదొక్కటే, దాని మీద రెండు గదులు వేసుకుంటే కిరాయి బాధ తప్పుతుందని ఆరేళ్లుగా నేనూ శ్రీశైలం అనుకుంటున్నాం.

"అమ్మినట్టు రాస్తే?" అన్నాడు అన్న.

"అప్పుడు పన్ను మీకు వడతది. వీలునామా రాస్తే మాత్రం ఎవలకూ ఏం వడది."

"ఇంకేం, రాస్త."

"అయితే మీరు పోయినంకనే అది పనికొస్తది."

అన్న ఛాతీ మీద చేయి పెట్టుకొని, "జర ఆగుతగని సార్" అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆ సాయంత్రం నవ్వింది అదొక్కసారే.

ఆ నవ్వు అయ్యాక సార్ అసలు సందు చూపించాడు. అన్న ఆ సగాన్ని తన తండ్రికి బహుమానంగా రాయాలి. కొడుకు తండ్రికి ఇస్తే పన్ను లేదు. ఆ తండ్రి నాకు రాయాలి. పెద్దనాయిన జాబితాలో ఉన్నాడు కాబట్టి అప్పుడూ పన్ను లేదు. రెండుసార్లు స్టాంపు ఖర్చు పడినా పన్నులో పావు వంతు కూడా కాదు. అంతా చట్టప్రకారమే.

"పెద్దాయన మంచిగనే ఉన్నడు గదా?" అన్నాడు చివర్లో.

అన్నా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బాపుకు ఎనభై ఒకటి. ఏడాదిగా మతిమరుపు. ఒకనాడు పేర్లన్నీ చెప్తాడు, ఇంకోనాడు వాకిట్లో నిలబడి అమ్మేసిన మందను లెక్కపెడతాడు. "మంచిగనే ఉన్నడు సార్" అన్నాను నేనే.

మొదటి కాగితం ఫిబ్రవరి నెలాఖరున అయింది. అందులో బాపు తీసుకునేవాడే కాబట్టి ఆయన్ను పెద్దగా ఏమీ అడగలేదు. వేలిముద్ర దగ్గరే చిక్కొచ్చింది. బతుకంతా గొర్రెల బొచ్చు కత్తిరించిన వేళ్లు, మిషన్‌కు ఏ గీతా కనపడలేదు. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు. వెనక క్యూలో వాళ్లు గొణుగుతున్నారు. నేను కొంగుతో ఆ వేళ్లు మళ్లీ మళ్లీ తుడిచాను. చివరికి ఎడమచేతి ఉంగరం వేలికి మిషన్ ఒప్పుకుంది. ఆ క్షణం నుంచి నా జాగా బాపుది అయింది.

రెండో కాగితం వారంలోనే పెట్టుకుందామనుకున్నాం. మొదటి దస్తావేజు చేతికి రావాలన్నారు. అది వచ్చేసరికి బాపుకు జ్వరం వచ్చింది. సార్ ఫోన్ చేసి నెమ్మదిగా ఒక మాట చెప్పాడు. "ఈ మధ్యల పెద్దాయనకు ఏమన్న అయిందనుకోండి మేడం, గా జాగ ఆయన వారసులది. కొడుకుది, కూతురిది. మీది గాదు."

కూతురంటే మా బాలనర్సక్క. పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో ఉంటుంది. చెడ్డది కాదు. కానీ ఆమె అల్లుడికి ప్రతి దాంట్లోనూ వాటా కనపడుతుంది. జ్వరమని తెలిసి అక్క బస్సెక్కి వచ్చింది. బాపు కాళ్లు పిసుకుతూ, "బాపు పేరు మీదికి జాగ వచ్చిందట గదనే?" అంది నాతో. మామూలుగానే అడిగింది. నేను మాత్రం మాత్రలు వెతికే నెపంతో అవతలికి పోయాను.

ఆ పద్నాలుగు రోజులు నేనెట్లా బతికానో నాకే తెలుసు. రోజూ బడి అయిపోగానే పానగల్ నుంచి నార్కట్‌పల్లికి పరుగు. బాపు దగ్గితే నాకు ప్లాటు దగ్గినట్టే ఉండేది. మాత్ర మింగినవా, జావ తాగినవా అని అడిగేదాన్ని. మా వదిన గోవిందమ్మ, "స్వర్ణకు బాపంటే ఎంత పావురమో" అని ఇరుగుపొరుగుతో చెప్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ప్రేమ లేక కాదు. కానీ ఆ రోజుల్లో నేను ఆయన ముఖంలోకి చూసినప్పుడు ఏం వెతికానో నాకు తెలుసు కదా.

జ్వరం తగ్గింది. మార్చి రెండో వారంలో ఆయన్ను కారులో కూర్చోబెట్టుకొని నల్లగొండ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయాం. తెల్ల ధోవతి, కొత్త తువ్వాల. ఆ రోజు మనిషి హుషారుగా ఉన్నాడు. దారిలో కనపడ్డ ప్రతి మందనూ చూసి అవి ఎవరివో అడిగాడు. నాకు ధైర్యం వచ్చింది.

రిజిస్ట్రార్ నడి వయసు ఆవిడ, నిదానస్తురాలు. కాగితం చదివి, బాపును మాస్కు తీయమని, ముఖం చూసి, "తాతా, ఈమె మీకేమైతది?" అని అడిగింది.

"నా బిడ్డ" అన్నాడు బాపు.

మేడం కాగితంలోకి చూసింది. అందులో 'తమ్ముని కుమార్తె' అని ఉంది.

"మీ సొంత బిడ్డనా?"

"సొంతం గాక కిరాయికి తెచ్చుకుంటనా?"

"మీకు కూతుళ్లెంతమంది?"

"ఇద్దరు. పెద్దది బాలనర్స, చిన్నది గిదే. స్వర్ణ. పంతులమ్మ."

నేను గాబరాగా, "అది గాదు బాపు..." అన్నాను. ఆ పిలుపు మేడం చెవిన పడింది. ఆమె నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. ఐలేశం అన్న ముందుకు వచ్చి, "బాపు, తమ్ముని బిడ్డ అని చెప్పు. కాగితంల గట్లనే ఉన్నది" అన్నాడు. బాపు ముఖం ఎర్రబడింది. "ఎవడ్రా తమ్ముని బిడ్డ అన్నది? నా కడుపుల పుట్టినట్టే పెరిగింది. గట్లనేటోని పండ్లు రాలగొడత" అని ఆఫీసు మొత్తం వినపడేట్టు అరిచాడు.

మేడం కోపపడలేదు. కాగితం మడిచి అన్న చేతికిచ్చింది. "ఎవరికి ఏమిస్తున్నరో ఆయనకు తెల్వాలె గదమ్మా. ఆయన చెప్పేదొకటి, కాగితంల ఉన్నదొకటి. మంచిగ ఉన్నరోజు తీసుకరాండ్రి, మళ్ల అడుగుత" అంది. ఆమె చేసింది న్యాయమే. ఆయన నిజమే చెప్పాడు, కాగితమూ నిజమే చెప్పింది. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కారు దాకా పళ్లు కొరుకుతూ నడిచాను.

కారులో అన్న, "ఒక్క మాట బాపు, ఒక్క మాట చెప్తే అయిపోతుండె" అని మొత్తుకున్నాడు.

"ఉన్నదే చెప్పిన" అన్నాడు బాపు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇంకో స్లాటు పన్నెండు రోజుల తర్వాతికి దొరికింది. ఆ పన్నెండు రోజుల్లో బాపుకు పాఠం చెప్పాలని నిర్ణయించింది నేనే. పంతులమ్మను కదా, మొండిపిల్లలకు ఎక్కాలు వచ్చేట్టు చేసినదాన్ని. అన్న బీరువాలోంచి నన్ను కన్న తండ్రి ఫోటో తీయించాను. జాతరలో దిగిన ఫోటో, భుజం మీద గొంగడి.

"గిదెవరు?" అన్నాను మొదటిరోజు.

బాపు కళ్లు మెరిశాయి. "బక్కడు. నా తమ్ముడు."

"ఈయనకు పిల్లలున్నరా?"

"ఉన్నరు."

"ఎవరు?"

ఫోటో మీది దుమ్ము తుడిచాడు. "నేనే గదా" అన్నాను. "నేను నీ తమ్ముని బిడ్డను." ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

బాపు ఫోటో పక్కన పెట్టి నా చేయి పట్టుకున్నాడు. "ఎవలన్నరే నిన్ను గా మాట? పేరు చెప్పు. ఇప్పుడే పోత వాని ఇంటికి." కర్ర కోసం తడుముకుంటున్నాడు. నన్ను ఎవరో అవమానించారనుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి నీళ్లు తాగి, ముఖం కడుక్కొని, మళ్లీ వచ్చి అదే ప్రశ్న అడిగాను.

అమరేందర్ సార్ ఇంకో సలహా ఇచ్చాడు. ఆఫీసులో నేను బాపు అని పిలవకూడదు. అందుకని ఇంట్లో కూడా పెద్దనాయినా అనడం మొదలుపెట్టాను. మొదట్లో ఆయన పలికేవాడు కాదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేవాడు. పలికినప్పుడే చాయ్ ఇచ్చేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది, కానీ చేశాను. పొద్దున వదిన, సాయంత్రం నేను. ఈమె నీకేమైతది? నీ తమ్ముని పేరేంది? నీకు కూతుళ్లెందరు?

ఆరో రోజున ఆయన ఏడ్చాడు. "నేనేం తప్పు చేసిన్నే? ఎందుకు గిట్ల అనిపిస్తున్నవు?" అన్నాడు. ఐలేశం అన్న నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"ఆపుదాం చెల్లె. నా పేరు మీదికే మళ్ల రాపిచ్చుకుంట. నాకేమన్న అయితే అప్పుడు చూసుకుందాం. కాకుంటే పన్నే కడదాం, ఏదన్న అమ్ముతగని."

"నువ్వు అమ్ముతందుకు ఏమున్నది అన్నా?" అన్నాను. "ఇంకో రెండు రోజులు చూద్దాం. వస్తది ఆయనకు."

అన్న తల వంచుకొని లోపలికి పోయాడు. ఆపుదామన్నది ఆయన, వద్దన్నది నేను. ఈ సంగతి ఎవరి మీదా పెట్టలేను. రెండు లక్షల పది వేలు నా కళ్ల ముందు అంకెల్లో కనపడుతున్నాయి. తప్పుడు పని కాదు, అబద్ధం చెప్పించడం లేదు, ఉన్న నిజాన్నే చెప్పిస్తున్నాను అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అది నిజమే కూడా.

తొమ్మిదో రోజున వచ్చింది. నేను గడపలో చెప్పులు విప్పుతుంటేనే బాపు తనంతట తాను, "గోవిందమ్మా, తమ్ముని బిడ్డ వచ్చింది" అన్నాడు. వెనకబడ్డ పిల్లాడు ఒక్కసారిగా తప్పు లేకుండా చదివినప్పుడు నాకెంత సంతోషం వేస్తుందో అంత సంతోషం వేసింది. చప్పట్లు కూడా కొట్టాను. ఆ తర్వాత ఆయన ఎదురు తిరగలేదు, ఏడవలేదు. ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు.

మార్చి నెలాఖరు శుక్రవారం మళ్లీ అదే గది, అదే మేడం. నోట్లోనే యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నాను.

"తాతా, ఈమె మీకేమైతది?"

"నా తమ్ముని బిడ్డ."

"తమ్ముని పేరు?"

"బక్కయ్య. పాము గరిచి సచ్చిపోయిండు."

"మీకు కూతుళ్లెంతమంది?"

"ఒక్కతే. బాలనర్సమ్మ. పాలమూరుల ఉంటది."

"జాగా ఎవరికి ఇస్తున్నరు?"

"తమ్ముని బిడ్డకు."

"మీ బిడ్డకు గాక తమ్ముని బిడ్డకు ఎందుకిస్తున్నరు?"

ఇది మేము నేర్పని ప్రశ్న. బాపు మేడం ముఖంలోకి సూటిగా చూశాడు. "నా దగ్గరున్నది దాని తండ్రి సొమ్ము. అరవై గొర్లు. వానియి వాని బిడ్డకు ఇయ్యాలె గద" అన్నాడు.

మేడం తృప్తిగా తలూపి సంతకం చేసింది. ఈసారి ఉంగరం వేలు మొదటిసారే పడింది. బయటికి వచ్చాక అన్న కళ్లు తుడుచుకున్నాడు. అమరేందర్ సార్ ఫోన్‌లో, "రూపాయి పన్ను లేదు మేడం. ఇంక ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. శ్రీశైలం రాత్రికి కాగితం మీద రెండు గదులు, ఒక వంటిల్లు గీశాడు. నెల రోజుల తర్వాత ఆ రాత్రి నేను నిద్రపోయాను.

పది రోజులకు దస్తావేజు చేతికి వచ్చింది. ఆ ఆదివారం గుట్టకు పోయి మొక్కు తీర్చుకొని, లడ్డూ పట్టుకొని తిరుగు దారిలో నార్కట్‌పల్లిలో దిగాను. ఎండ బాగా ఉంది. బాపు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇక ఆఫీసు లేదు, మేడం లేదు, ఎప్పటిలాగా పిలవొచ్చు. చెప్పులు విప్పుతూనే, "బాపూ" అన్నాను.

ఆయన లేచి తువ్వాల సర్దుకున్నాడు. "రా అమ్మ, రా. గోవిందమ్మా, తమ్ముని బిడ్డ వచ్చింది. కుర్చెయ్యి" అన్నాడు. ఆ ఇంట్లో నాకు ఎవరూ ఏనాడూ కుర్చీ వేయలేదు. నేను ఆయన మంచం మీదే కూర్చునేదాన్ని.

"బాపూ, నేను స్వర్ణను" అన్నాను.

ఆయన మర్యాదగా నవ్వాడు, పేరు కలిసినందుకు నవ్వినట్టు. "ఎండల వడి వచ్చినవు. మీ బాపు మంచిగున్నడా?"

వదిన తలుపు దగ్గర నిలబడిపోయింది. "వారం సంది గిట్లనే అంటుండు" అంది మెల్లగా. "నీకు చెప్పాల్నంటే నోరు రాలే."

నేను కుర్చీలో కూర్చున్నాను. "మంచిగున్నడు పెద్దనాయినా" అన్నాను.

లడ్డూ ఆయన చేతిలో పెట్టాను. కళ్లకద్దుకొని, జాగ్రత్తగా రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండోది తువ్వాల కొనకు మూటగట్టడం మొదలుపెట్టాడు.

"తిను పెద్దనాయినా, ఇంకా ఉన్నయి" అన్నాను.

"గిది నా చిన్నబిడ్డకు. స్వర్ణ అని, పంతులమ్మ. దినాము వచ్చేది." ముడి బిగించి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "గీమధ్య ఎందుకో వస్తలేదు. నేనేమన్న అన్ననేమో, యాదికి రాదు. నీకెక్కడన్న కనవడితే జర రమ్మని చెప్తవా అమ్మ?"

"చెప్త" అన్నాను.